మత్తు అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తే ఎలా?

ఆపరేషన్‌కి ముందు ఇచ్చేది మత్తు సూది. ఇచ్చేవారు మత్తు డాక్టరు. మన హాస్టల్ నోటీసు బోర్డు మీద "దూరంగా ఉండండి" అని పోస్టరు వేసేదేమో మత్తు మందుల గురించి. కల్లు తాగినా మత్తే, రాత్రంతా రికార్డు రాసి పొద్దున ఫస్ట్ అవర్లో కళ్ళు మూతలు పడితే అదీ మత్తే. ఇన్నిటికీ ఒకే మాట వాడుతున్నాం. వినడానికి పొదుపుగానే ఉంటుంది గానీ, ఈ పొదుపు వల్ల మనుషులకి నిజంగా నష్టం జరుగుతోందని నా వాదన. అది చూపించడానికి రెండు మందుల్ని పక్కపక్కన పెట్టి చూస్తాను: నైట్రస్ ఆక్సైడ్, కెటమిన్.

రెండిటి పేర్లూ మీకు కొత్తేం కాదు. నైట్రస్ ఆక్సైడ్ అంటే ఇంటర్ కెమిస్ట్రీలో "లాఫింగ్ గ్యాస్" అని చదివి వదిలేసిందే. సినిమాల్లో హీరో కారుకి బటన్ నొక్కగానే దూసుకుపోయేలా చేసే సిలిండర్లో ఉండేదీ అదే. మెకానికల్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఇంజన్ వేడికి అది విడిపోయి అదనంగా ఆక్సిజన్ ఇస్తుంది. కెటమిన్ పేరు ఈమధ్య వార్తల్లో ఎక్కువ వినపడుతోంది. 2023లో 'ఫ్రెండ్స్' నటుడు మాథ్యూ పెర్రీ చనిపోయినప్పుడు ప్రధాన కారణంగా దాన్నే ప్రకటించారు. కానీ ఈ రెండూ మొదట ఆస్పత్రి మందులు. రెండూ నొప్పి తెలీకుండా చేస్తాయి. రెండిటినీ మనం "మత్తు" అనే ఒకే బుట్టలో వేస్తాం. లోపల మనిషికి కలిగే అనుభవాలు మాత్రం ఒకదానికొకటి పోలికే లేనంత వేరు.

ముందు నైట్రస్ సంగతి. కిందటేడు నాకు జ్ఞానదంతం తీశారు. దవడలో ఇచ్చే ఇంజక్షన్‌తో పాటు, నేను బాగా భయపడుతున్నానని ముక్కు మీద చిన్న మాస్కు పెట్టి ఈ గ్యాస్ ఇచ్చారు. ఒకటి రెండు నిమిషాల్లోనే వేళ్ళ చివర్లు జివ్వుమన్నాయి. ఒళ్ళు తేలికైంది. డ్రిల్లు శబ్దం ఎక్కడో పక్క వీధిలోంచి వస్తున్నట్టు, అలలు అలలుగా వినిపించింది. డాక్టరుగారు "నోరు ఇంకొంచెం తెరవండి" అంటే ఆ వాక్యంలో ఏదో గొప్ప జోకు ఉన్నట్టు అనిపించింది. నొప్పి ఉందని తెలుస్తోంది, కానీ దానితో నాకేం పని అన్నట్టుంది. అయిపోయాక కొన్ని నిమిషాలు ఉత్త ఆక్సిజన్ పట్టారు. అంతే, మళ్ళీ మామూలు మనిషిని. ఆ జోకు ఏంటో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

నాకు జరిగింది కొత్తేమీ కాదు. 1799లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో హంఫ్రీ డేవీ అనే కుర్రాడు ఈ గ్యాస్‌ని తన మీద తానే ప్రయోగించుకున్నాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు, అంటే మన థర్డ్ ఇయర్ వయసు. స్నేహితులకీ ఇచ్చాడు. వాళ్ళలో కోల్‌రిడ్జ్, సదీ లాంటి కవులున్నారు. ఇచ్చి ఊరుకోలేదు, "మీకేమనిపించిందో రాసివ్వండి" అని అందర్నీ అడిగి, అవన్నీ 1800లో తన పుస్తకంలో అచ్చు వేశాడు. కోల్‌రిడ్జ్ ఆ వెచ్చదనాన్ని మంచులో నడిచొచ్చి వెచ్చని గదిలోకి అడుగుపెట్టినప్పటి హాయితో పోల్చాడు. ఇంకొకతను, ఈ అనుభూతులకి ఉన్న మాటలు చాలవు, కొత్త మాటలు పుట్టించాలి, లేదా పాత మాటలకి కొత్త అర్థాలు తగిలించాలి అన్నాడు. రెండు వందల ఏళ్ళ కిందటి ఆ ఫిర్యాదే ఇవాళ నా ఫిర్యాదు కూడా.

ఆ పుస్తకంలోనే డేవీ, ఈ గ్యాస్ నొప్పిని పోగొడుతోంది కాబట్టి శస్త్రచికిత్సల్లో పనికి రావచ్చు అని కూడా రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. జనం చూసింది నవ్వుల్నే. తర్వాత నలభై ఏళ్ళకి పైగా అది పార్టీల్లో, ఊరూరా తిరిగే ప్రదర్శనల్లో వినోదంగానే మిగిలిపోయింది. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో అలాంటి ఒక ప్రదర్శన జరిగింది. గ్యాస్ పీల్చిన ఒకతని కాలికి దెబ్బ తగిలినా అతనికి తెలియకపోవడం హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు గమనించాడు. మర్నాడే తన పన్ను తీయించుకుని చూశాడు. డేవీ పుస్తకం నుంచి ఇక్కడికి వచ్చేసరికి నలభై నాలుగేళ్ళు. ఈ మధ్యలో స్పృహలో ఉండగానే కాళ్ళూ చేతులూ కోయించుకున్నవాళ్ళ సంగతి ఒక్కసారి ఆలోచించండి. ఒక పదార్థానికి "నవ్వించేది" అని పేరు పడిపోతే దాని అసలు పని కళ్ళెదుట ఉన్నా కనపడదు. పేరుకి అంత బలం ఉంది.

ఇప్పుడు కెటమిన్. దీని కథలో కూడా పేరే కీలకం. 1962లో అమెరికాలో కాల్విన్ స్టీవెన్స్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని తయారు చేశాడు. అంతకుముందు వచ్చిన ఫెన్‌సైక్లిడిన్ అనే మందు నొప్పిని బాగానే ఆపేది గానీ, రోగులు లేచాక గంటల తరబడి పిచ్చెత్తినట్టు ప్రవర్తించేవాళ్ళు. అంతకంటే తొందరగా దిగిపోయే మందు కోసం వెతుకుతుంటే ఇది దొరికింది. 1964లో ఎడ్వర్డ్ డొమినో బృందం మిషిగన్ రాష్ట్రంలో జైలు ఖైదీల మీద దీన్ని మొదటిసారి పరీక్షించింది. ఖైదీల మీద అలా ప్రయోగాలు చేయడాన్ని ఇవాళ ఎవరూ ఒప్పుకోరు. వాళ్ళు చెప్పిన మాటలు మాత్రం రికార్డులో ఉన్నాయి: అంతరిక్షంలో తేలుతున్నట్టుంది, చేతులూ కాళ్ళూ ఉన్నట్టే లేవు. ఈ స్థితిని ఏమని పిలవాలో డొమినోకి తోచలేదు. ఇంట్లో భార్య టోనీతో చెబితే, మనిషి తన పరిసరాల నుంచి తెగిపోయినట్టు ఉన్నాడు కదా అని ఆవిడ "డిసోసియేటివ్" అనే మాట అందించింది. ఇవాళ ప్రపంచంలోని ప్రతి అనస్థీషియా పుస్తకంలో ఉన్న మాట అలా ఇంటి కబుర్లలో పుట్టింది. మాట దొరికాక డాక్టర్లు ఒకరికొకరు చెప్పుకోవడం సులువైంది. మన రోగులకి మాత్రం ఆ మాట ఇంకా చేరలేదు.

తెనాలిలో ఉండే మా పిన్ని స్కూటీ మీద నుంచి పడి భుజం జారింది. ఎమర్జెన్సీలో "చిన్న మత్తు ఇచ్చి సరిచేస్తాం" అన్నారు. ఇచ్చింది కెటమిన్ అని డిశ్చార్జి కాగితంలో చూసి నాకు తర్వాత తెలిసింది. పని చక్కగా అయింది. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయట, బాబాయి పక్కనే నిలబడి పిలుస్తున్నాడట. పిన్ని ఆ సంగతి నాకు చెప్పింది కొన్ని నెలల తర్వాత, అదీ వంటింట్లో, ఎవరూ లేనప్పుడు.

"ఒరేయ్, నేను చచ్చిపోయాననే అనుకున్నాను. సీలింగ్ పైకి పోతానే ఉంది, ఎంతకీ ఆగదే. కింద ఎవరిదో చెయ్యి లాగుతున్నారు, అది నా చెయ్యేనని తెలీదు. మీ బాబాయి మొహం కనపడతానే ఉంది, ఎవరో మాత్రం తెలీలేదు. నొప్పి లేదు, ఏడుపూ లేదు. అదే భయం నాకు. లేచాక చెబితే, మత్తులో అలాగే ఉంటుందిలే అమ్మా అన్నారు. నాకేమన్నా పిచ్చి పట్టిందంటావా?"

ఈ ప్రశ్న లోపల పెట్టుకుని ఆవిడ ఇంకో పని చేసింది. పిత్తాశయంలో రాళ్ళకి ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు చెబితే, మళ్ళీ "మత్తు" ఇస్తారని వాయిదా వేస్తూ వచ్చింది. అప్పుడప్పుడూ వచ్చే కడుపునొప్పిని భరించింది గానీ ఆ మాటని భరించలేకపోయింది.

పిన్ని చెప్పిన ప్రతి వాక్యం వైద్య సాహిత్యంలో ఎప్పుడో రాసి ఉంది. కెటమిన్ నుంచి తేరుకునేటప్పుడు వచ్చే కలవరం గురించి అమెరికాలో ఆ మందు లేబుల్ మీదే ఉంటుంది, సుమారు 12 శాతం మందిలో అని. కొందరికి అది హాయైన కలలా ఉంటుంది, కొందరికి గందరగోళంగా, భయంకరంగా ఉంటుంది. అది తగ్గించడానికి తోడుగా ఇచ్చే మందులున్నాయి. అన్నిటికంటే చవకైన మందు ముందుగా ఒక మాట చెప్పడం: "అమ్మా, కాసేపు మీ ఒళ్ళు మీది కాదనిపిస్తుంది. గది దూరంగా పోతున్నట్టుంటుంది. భయపడకండి, మేం ఇక్కడే ఉంటాం, కాసేపట్లో అంతా మామూలవుతుంది." ఇది చెప్పడానికి అర నిమిషం పట్టదు. మరి ఎందుకు చెప్పరంటే, అందరికీ "మత్తు" అంటే తెలుసు అనుకుంటాం కాబట్టి.

ఇప్పుడు రెండిటినీ సరిగ్గా పక్కపక్కన పెడదాం. మొదటి తేడా కాలం. నైట్రస్ రక్తంలో చాలా తక్కువగా కరుగుతుంది, అందుకే నిమిషంలో ఎక్కి, మాస్కు తీయగానే ఊపిరితోనే వెళ్ళిపోతుంది. కెటమిన్‌ని నరానికి ఇస్తే నిమిషంలోపే ఎక్కుతుంది, గాఢమైన దశ ఓ పది నిమిషాలే అయినా పూర్తిగా తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది. రెండో తేడా శరీరం. నైట్రస్‌లో ఒళ్ళు తేలికవుతుంది, కానీ అది నీదే. కెటమిన్‌లో ఒళ్ళు నీది కాకుండా పోతుంది. మూడోది లోకంతో సంబంధం. ఆస్పత్రిలో ఇచ్చే మోతాదులో నైట్రస్ పీల్చినవాడు సాధారణంగా డాక్టరు మాటకి బదులిస్తాడు, నోరు తెరవమంటే తెరుస్తాడు. కెటమిన్ పూర్తి మోతాదులో మనిషి కళ్ళు తెరిచే ఉంటాయి, ఊపిరి ఆడుతూనే ఉంటుంది, లోపల మాత్రం ఆ గదిలో ఉండడు. నాలుగోది తిరిగి రావడం. ఒకదాని నుంచి వచ్చినవాడు "అబ్బే, అప్పుడే అయిపోయిందా" అంటాడు. రెండోదాని నుంచి వచ్చినవాడు ముందు "నేనెక్కడున్నాను" అని అడుగుతాడు, ఒక్కోసారి "నేనెవర్ని" అని కూడా.

మనలో ఇంజనీర్లకి చిత్రంగా అనిపించే విషయం ఏంటంటే, మెదడులో ఈ రెండూ ప్రధానంగా పట్టుకునేది ఒకే రకం గ్రాహకాన్ని. దాని పేరు ఎన్‌ఎండీఏ. నైట్రస్ కూడా దాన్నే అడ్డుకుంటుందని 1998లో తేలింది. తాళం ఒకటే అయినా లోపలి గది ఒకటి కాదు. ఎందుకంటే నైట్రస్ నొప్పిని తగ్గించడంలో శరీరం సొంతంగా తయారు చేసుకునే ఓపియాయిడ్లని కూడా వాడుకుంటుంది. కెటమిన్ ఇంకా చాలా చోట్ల చెయ్యి పెడుతుంది. బలంలోనూ తేడా ఉంది. మామూలు వాతావరణ పీడనంలో నైట్రస్ ఒక్కదానితోనే పూర్తి అనస్థీషియా ఇవ్వాలంటే లెక్క ప్రకారం నూటికి 104 పాళ్ళు కావాలి! అందుకే పూర్తి అనస్థీషియాకి దాన్ని తోడుగానే వాడతారు. కాబట్టి సర్క్యూట్ డయాగ్రం చూసి అనుభవం ఎలా ఉంటుందో చెప్పేయలేం. అనుభవించినవాళ్ళని అడగాల్సిందే.

"అనుభవాలు మనిషికొకరకంగా ఉంటాయి, వాటిని పోల్చడం సైన్సా?" అని మీరు అడగొచ్చు. నిజమే, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. కానీ జ్వరం వచ్చినవాడు చలిగా ఉందంటే నమ్ముతాం, కొలవలేదు కాబట్టి అబద్ధం అనం. వందల మంది వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కాలాల్లో ఒకేలాంటి మాట చెబుతుంటే అది సమాచారమే. అయితే దానికి ఒక హద్దుంది, ఇది హాస్టల్ మిత్రులు కాస్త శ్రద్ధగా వినాలి.

అనుభవం అబద్ధం చెప్పదు, కానీ అన్నీ చెప్పదు. 1882లో విలియం జేమ్స్ అనే తత్వవేత్త నైట్రస్ పీల్చి, విశ్వరహస్యం తెలిసిపోయిందనుకుని గబగబా కాగితం మీద రాసుకున్నాడు. తేరుకున్నాక చూసుకుంటే అందులో చాలావరకు అర్థంలేని మాటలు. నా పంటి డాక్టరు జోకు లాంటివే అనుకోండి. మత్తులో కలిగే "అర్థమైపోయింది" అన్న భావన నిజం, అర్థమైన విషయం మాత్రం ఉండక్కర్లేదు.

ఇంకా ముఖ్యమైన మౌనం శరీరంది. నైట్రస్ మన ఒంట్లోని బీ12 విటమిన్‌ని పనికి రాకుండా చేస్తుంది. ఆస్పత్రిలో ఒకసారి తీసుకుంటే చాలామందికి ఏమీ కాదు. బెలూన్లలో నింపుకుని పదే పదే పీల్చేవాళ్ళకి వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నడక తడబడుతుంది, కొందరికి పూర్తిగా బాగవ్వదు. మన దేశంలో, ముఖ్యంగా శాకాహారుల్లో, బీ12 తక్కువగా ఉండేవాళ్ళు చాలామంది. వాళ్ళకి ప్రమాదం ఇంకా ఎక్కువ. కెటమిన్‌ని అలవాటుగా వాడేవాళ్ళకి మూత్రాశయం గోడలు పుండ్లు పడి కుంచించుకుపోతాయి, అరగంటకోసారి బాత్రూముకి పరిగెత్తే పరిస్థితి వస్తుంది. దీన్ని వైద్యులు 2007లో మొదట నమోదు చేశారు. ఈ రెండు నష్టాల్లో ఏదీ ఆ కాసేపటి అనుభవంలో తెలీదు. నవ్వుకుంటున్నప్పుడు నరాలు "మేం పోతున్నాం" అని చెప్పవు. అందుకే "నేను చూశానురా, ఏం కాదు" అని సీనియర్ చెప్పే మాట అతని అనుభవానికి సాక్ష్యం అవుతుందే గానీ, మన ఆరోగ్యానికి హామీ కాదు.

ప్రభుత్వాలు కూడా ఇది గమనించాయి. మన దేశంలో కెటమిన్ ఎన్‌డీపీఎస్ చట్టం కిందకి వస్తుంది, 2013లో షెడ్యూల్ ఎక్స్‌లో కూడా చేర్చారు. సరదా కోసం నైట్రస్ దగ్గర పెట్టుకోవడం బ్రిటన్‌లో 2023 నవంబరు నుంచి నేరం. అయినా ఆ గ్యాస్ ఆపరేషన్ థియేటర్లలో వాడుతూనే ఉన్నారు. కెటమిన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. ఊపిరినీ రక్తపోటునీ పెద్దగా పడిపోనివ్వదు కాబట్టి, పెద్ద యంత్రాలు లేని చిన్న ఊళ్ళ ఆస్పత్రుల్లో అది ప్రాణాలు కాపాడే మందు. "మత్తు చెడ్డది" అన్న పోస్టరు ఈ సగాన్ని మింగేస్తుంది. "మత్తు మంచి ఫీలింగ్" అనే హాస్టల్ కబురు ఇంకో సగాన్ని మింగేస్తుంది. రెండు చోట్లా మాట ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు.

ఇంకో కొత్త మలుపు కూడా ఉంది. డిప్రెషన్‌కి కెటమిన్ పనికొస్తుందని 2000లో ఒక చిన్న అధ్యయనం చూపించింది. దాని తమ్ముడు ఎస్‌కెటమిన్‌కి 2019లో అమెరికా అనుమతి ఇచ్చింది. నైట్రస్‌ని కూడా ఇందుకోసం పరీక్షిస్తున్నారు. 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో 25 శాతం గ్యాస్ కూడా 50 శాతం గ్యాస్‌కి దీటుగా పనిచేసింది, ఇబ్బందులు మాత్రం బాగా తగ్గాయి. 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఇంకో తెలివైన పని చేశారు. వేరే ఆపరేషన్ కోసం పూర్తిగా స్పృహ తప్పించిన 40 మంది డిప్రెషన్ రోగుల్లో కొందరికి కెటమిన్, కొందరికి ఉత్త సెలైన్ ఇచ్చారు. ఎవరికేమిచ్చారో రోగులకి తెలిసే వీల్లేదు. రెండు గుంపుల్లోనూ బాధ దాదాపు ఒకేలా తగ్గింది. అనుభవం వల్ల బాగవుతోందా, మందు వల్లా, "నాకు ఏదో ఇచ్చారు, బాగవుతాను" అన్న నమ్మకం వల్లా? ఈ ప్రశ్న ఇంకా తెగలేదు. తెగాలంటే లోపల ఏం జరిగిందో రోగులు కచ్చితంగా చెప్పగలగాలి. తెలుగు రోగి "మత్తుగా ఉంది సార్" అని ఊరుకుంటే ఏ డాక్టరు మాత్రం ఏం రాసుకుంటాడు?

ఇక్కడే సాహిత్య క్లబ్బుకి పని ఉందని నా అభిప్రాయం. మనం కవితల పోటీలు పెడతాం, పద్యాల అంత్యాక్షరి ఆడతాం. ఒక శనివారం కూర్చుని, ఆపరేషన్లు చేయించుకున్న మన అమ్మమ్మల్నీ నాన్నల్నీ అడిగి, మత్తులో ఏమనిపించిందో వాళ్ళ మాటల్లోనే రాసుకొద్దాం. మనకి మాటలు లేక కాదు. తేలిపోవడం, తూలడం, జోగడం, మైకం, మగత, సోయి తప్పడం, ఒళ్ళు తెలియకపోవడం, ఇవన్నీ ఇళ్ళల్లో ఉన్నవే. నైట్రస్‌కి "తేలింపు", కెటమిన్‌కి "విడివడటం" అని నాకు తోచింది. ఇంతకంటే మంచి మాటలు మీకు తట్టొచ్చు. ఆ జాబితాని మనకి తెలిసిన మత్తు డాక్టర్లకి చూపించి, ఆపరేషన్‌కి ముందు రోగికి ఇచ్చే అర పేజీ తెలుగు కాగితంగా మారుద్దాం. ఇప్పుడు మన చేత సంతకం పెట్టించుకునే ఫారాల్లో ప్రమాదాల జాబితా ఉంటుంది గానీ, లోపల ఎలా అనిపిస్తుందో ఒక్క వాక్యం కూడా నేను చూడలేదు.

దీనివల్ల ఉపయోగం ఉంటుందని నాకు నమ్మకం ఎందుకంటే, పిన్ని చివరికి ఆ పిత్తాశయం ఆపరేషన్ చేయించుకుంది. నేను చేసిందల్లా, ఆవిడకి జరిగినదానికి ఒక పేరుందని, అది చాలామందికి జరుగుతుందని చెప్పడమే. ఆవిడే ధైర్యంగా మత్తు డాక్టరుని మూడు ప్రశ్నలు అడిగింది: ఏ మందు ఇస్తారు, ఇచ్చాక నాకెలా అనిపిస్తుంది, ఎంతసేపటికి మామూలవుతాను. ఆ డాక్టరుగారు కుర్చీ లాక్కుని కూర్చుని పది నిమిషాలు చెప్పారట.

ఆ మూడు ప్రశ్నలూ మీ ఇంట్లో ఆపరేషన్‌కి వెళ్ళబోయే వాళ్ళకి నేర్పండి. హాస్టల్లో ఎవరైనా బెలూన్ చేతికిస్తే నాలుగో ప్రశ్న మీరే కలుపుకోండి: ఇది నాకు చెప్పకుండా దాస్తున్నది ఏంటి?